జీతం, బత్తెం, తుపాకి

సంక్రాంతి సెలవులకి కొత్తవలస వచ్చిన మా పెద్దమనవడు నడవలో కంప్యూటరు పెట్టుకుని కూర్చున్నాడు. ఆట పేరు సమురాయ్ వారియర్స్, జపాన్ వాళ్లది. తెరమీద పొడుగాటి తుపాకి పట్టుకున్న ఒకడు వందమందిని ఒంటిచేత్తో పడగొడుతున్నాడు. పేరు సైకా మాగోఇచి అట.

"ఈయనకి రాజంటూ ఎవరూ లేరు తాతా. ఎవరు డబ్బులిస్తే వాళ్ల తరఫున దిగుతాడు. మెర్సినరీ. దీన్ని తెలుగులో ఏమంటారు?"

కిరాయి సైనికుడు అన్నాను. అన్నానే గానీ నాకే నచ్చలేదు. కిరాయి అన్న మాట ఇప్పుడు అద్దె ఇంటికీ, కిరాయి హంతకుడికీ మిగిలింది. మా పెద్దలు వాడిన మాట జీతగాడు. పాలేరూ జీతగాడే, బళ్లెం పట్టినవాడూ జీతగాడే. ఆ మాటలో నింద లేదు.

"మన దగ్గర ఇలాంటోళ్లు లేరా?" అన్నాడు వాడు. లేకపోవడమేమిటి! మన ఉత్తరాంధ్ర పరాయి చేతిలోకి పోయిందే ఒక పటాలం జీతం కింద. ఆ సంగతి వాడికి చెప్పడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. ఇక్కడ రాస్తున్నది అదే.

ముందు వాడి మాగోఇచి సంగతి. సైకా అన్నది మనిషి పేరు కాదు, జపాన్‌లో కీ అనే ప్రాంతంలోని ఒక సీమ. 1543లో తానెగాషిమా దీవికి పోర్చుగీసువాళ్లతో పాటు తుపాకి వచ్చింది. ముప్పై ఏళ్లు తిరిగేసరికి సైకా వాళ్లు దాన్ని పేల్చడంలో ఆ దేశంలోనే పేరుమోశారు. అది జామగి తుపాకి, అంటే నిప్పురాజుకునే తాడుతో అంటించేది. 1570 నుంచి పదేళ్లపాటు ఒసాకాలోని హోంగన్‌జీ మఠం సేనాధిపతి ఓడా నొబునాగాని ఎదిరించి నిలబడగలిగిందంటే అందులో ఈ తుపాకుల వాటా పెద్దది. నొబునాగా 1577లో సైకా మీదికే దండెత్తాడు. 1585లో అతని తర్వాత వచ్చిన హిదెయోషి ఆ సీమని పూర్తిగా అణిచేశాడు. ఆ దండుకి నాయకుడై, మాగోఇచి అన్న బిరుదుతో కథల్లోకెక్కినవాణ్నే ఇప్పుడు మా నడవలో మా మనవడు ఆడిస్తున్నాడు.

నేను కొత్తవలస–కిరండూల్ లైన్లో గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యాను. 1960లలో ఆ లైను వేసిందే బైలడిల్లా ఇనుపరాయిని విశాఖ రేవు మీదుగా జపాన్‌కి పంపడానికి. ఎన్ని వేల టన్నుల ఎర్రరాయి వెనకాల బ్రేక్‌వ్యాన్‌లో కూర్చుని అనంతగిరి సొరంగాలు దిగివచ్చానో లెక్కలేదు. మా ఊరి మీదుగా ఇనుము అటు వెళ్లింది, ఇన్నాళ్లకి అక్కణ్నించి ఒక తుపాకి కథ మా ఇంటికి వచ్చింది.

గార్డు ఉద్యోగం నాకు ఒక అలవాటు నేర్పింది. మాకు జీతంతో పాటు మైలేజీ ఉంటుంది, బండి ఎన్ని కిలోమీటర్లు నడిపితే అంత. నెలాఖరున ఆ లెక్క సరిచూసుకోని గార్డు ఉండడు. అందుకే చరిత్ర చదివినా నా కన్ను ముందు అక్కడికే పోతుంది. ఈ సైన్యానికి జీతం ఎవరిచ్చారు? ఎప్పుడిచ్చారు? ఇవ్వకపోతే ఏమైంది?

బొబ్బిలి యుద్ధం మన వైపు పసిపిల్లకైనా తెలుసు. 1757 జనవరి 24. బుస్సీ ఫిరంగులు, కోటలో స్త్రీలు అగ్నికి ఆహుతి కావడం, బొబ్బిలి రాజు రంగారావు వీరమరణం, మూడో రాత్రి డేరాలో దూరిన తాండ్ర పాపారాయుడి కత్తి, విజయనగరం రాజు విజయరామరాజు చావు. బుర్రకథల్లో ఇదంతా విని పెరిగాం. కానీ అసలు ఆ బుస్సీ మన బొబ్బిలి దాకా ఎందుకొచ్చాడు? దీనికి జవాబు మూడేళ్ల వెనక ఉంది.

బుస్సీ ఫ్రెంచి కంపెనీ అధికారి. తన పటాలంతో హైదరాబాదులో సలాబత్‌జంగ్‌ని గద్దె మీద నిలబెట్టి, ఆయనకి కాపలా కాస్తున్నాడు. అసలే వట్టిపోయిన ఖజానా. పటాలానికి నెలనెలా జీతం అందడం లేదు. బుస్సీ రొక్కానికి బదులు నేల అడిగాడు. 1753 చివర సలాబత్‌జంగ్ నాలుగు సర్కార్లు రాసిచ్చాడు: శ్రీకాకుళం, రాజమహేంద్రవరం, ఏలూరు, ముస్తఫానగర్. వీటి శిస్తు వసూలు చేసుకుని నీ సైన్యాన్ని నువ్వు పోషించుకో అన్నది ఒప్పందం. మా కొత్తవలస నేల శ్రీకాకుళం సర్కారులోది. అంటే చోడి చేలో కలుపు తీసిన మా ముత్తాతల ముత్తాతల కష్టం, వాళ్లకి ముక్కూ మొహమూ తెలియని సిపాయిల జీతం కింద జమ అయిపోయింది.

జీతం బత్తెం లేకుండా తోడేలు మేకల్ని కాస్తానన్నదని సామెత. నాకైతే ఆ సామెత సగమే చెబుతున్నట్టుంటుంది. జీతానికి బదులు మందనే రాసిచ్చేసిన యజమాని మాటేమిటి?

శిస్తు ఊరికే రాదు. కోటల్లో ఉన్న జమీందార్ల దగ్గర పిండుకోవాలి. బుస్సీ బయలుదేరింది అందుకు. విజయనగరం రాజు కలిసొచ్చాడు, బొబ్బిలితో ఆయనకున్న పాతపగా దానికి తోడైంది. పగ పాత్ర చిన్నదని నేననను. పాటల్లో మాత్రం పగే మిగిలింది, పద్దు రాలిపోయింది.

మరుసటేడు కథ ఇంకా తేటగా కనబడుతుంది. 1758లో ఫ్రెంచి సేనాధిపతి లాలీ కబురుచేస్తే బుస్సీ దక్షిణాదికి పోయాడు. చనిపోయిన విజయరామరాజు తర్వాత గద్దెనెక్కిన ఆనందగజపతిరాజు ఫ్రెంచివాళ్ల మీద తిరగబడి విశాఖ పట్టుకుని, ఇంగ్లీషువాళ్లని రమ్మన్నాడు. బెంగాల్ నుంచి క్లైవ్ కర్నల్ ఫోర్డ్‌ని సైన్యంతో పంపాడు. రాజు నెలకి 50,000 రూపాయలు సైన్యం ఖర్చుకి, మరో 6,000 దొరలకి రెండింతల బత్తెం కింద ఇవ్వాలని కాగితం రాసుకున్నారు. బత్తెం! మా రిటైర్డ్ గార్డులు కలుసుకున్నప్పుడు ఇప్పటికీ నలిగే మాట అది. డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచి సైన్యం ఓడిపోయింది. గెలిచాక రాజు డబ్బు తియ్యలేదు. ఫోర్డ్ మచిలీపట్నం వైపు కదలలేక వారాల తరబడి దారిలో ఆగిపోయాడు. తీరా మచిలీపట్నం చేరాక, కోట ముందరే అతని తెల్ల సోల్జర్లు మా బాకీ, మా వాటా తేల్చకపోతే వెళ్లిపోతామని ఆయుధాలతో సహా అడ్డం తిరిగారు. బతిమాలి నిలిపాడు. 1759 ఏప్రిల్ 7 రాత్రి లగ్గపట్టి కోట తీసుకున్నారు. ఫ్రెంచివాళ్ల పెత్తనం మన సర్కార్లలో అక్కడితో సరి. జీతం కోసం వచ్చిన రెండో దండు మాత్రం 1947 దాకా కదల్లేదు.

మా డిపోలో ఒక గది తలుపు మీద 'సిబ్బందికి మాత్రమే' అని పసుపుపచ్చ రంగుతో రాసి ఉండేది. ఆ తలుపు తోసుకుని ఎన్నిసార్లు వెళ్లానో. సిబ్బంది అంటే మొదట శిస్తు వసూలుకి జమీందారు పెట్టుకున్న జీతపు బంట్లు అని చాలా ఆలస్యంగా తెలిసింది. పారసీలో సిహ్ అంటే మూడు. మూడు నెలలకోసారి జీతం తీసుకునేవాళ్లు కాబట్టి సిహ్‌బందీ అని నిఘంటువు చేసినవాళ్లు చెబుతారు. బంట్రోతు కూడా అంతే. ఆఫీసులో ఫైలు మోసేవాడు కాకముందు ఆయన కాల్బంటు. మన జిల్లాలో ఊళ్ల పేర్ల ముందు వినబడే మొఖాస అన్నది రొక్కం బదులు నేల రూపంలో ముట్టిన జీతం. పిలిస్తే కత్తి పట్టుకు రావాలి, అదీ షరతు.

ఆనందగజపతిరాజు తర్వాత వచ్చిన చినవిజయరామరాజు ముగిసిందీ ఈ లెక్కల్లోనే. పేష్కష్, అంటే కప్పం, బాకీ తీర్చు, సిబ్బందిని తగ్గించు, మచిలీపట్నం పోయి మేమిచ్చే భరణం మీద బతుకు అన్నది ఇంగ్లీషు కంపెనీ. ఆయన మచిలీపట్నం వెళ్లలేదు, పద్మనాభం వెళ్లాడు. 1794 జూలై 10 తెల్లవారుజామున గోస్తనీ ఒడ్డున, పద్మనాభం కొండ కింద యుద్ధం ముప్పావుగంటలో అయిపోయింది. రాజు పడ్డాడు, ఆయన చుట్టూ సర్దార్లు పడ్డారు. వాళ్లలో ఒక్కడు కూడా ఆ నెల జీతం లెక్క చూసుకుని నిలబడ్డవాడని నేననుకోను. అటువైపు కంపెనీ పటాలంలో తుపాకి పేల్చిందీ ఈ దేశపు సిపాయిలే.

ఆ సిపాయిలూ అన్నిటికీ తలూపలేదు. 1780 అక్టోబరులో హైదరాలీ మీద యుద్ధానికి మద్రాసు వెళ్లే ఓడ ఎక్కమంటే విశాఖ ఒడ్డున సుబేదారు షేక్ మహమ్మద్ మనుషులు ఎక్కబోమని దొరల మీదే తుపాకులు పేల్చారు. 1857 కంటే డెబ్బైఏడేళ్ల ముందు మాట ఇది. మన పాఠ్యపుస్తకాల్లో దానికి ఒక్క పేజీ అయినా ఉండాలని నా పట్టుదల.

ఉద్యోగంలో కొత్తగా ఉన్నప్పుడు శిక్షణకని ఉత్తరాదికి పంపారు. అక్కడి మెస్సులో లక్నో వైపు ముసలి వంటమనిషి ఒకాయన, నాది ఆంధ్ర అని తెలిసి, రొట్టె వడ్డిస్తూ "అచ్ఛా, తిలంగా!" అన్నాడు. మా భాషని బట్టి అన్నాడనుకున్నాను. కాదు, వాళ్ల ఊళ్లో తిలంగా అంటే సిపాయి అట. ఫ్రెంచి, ఇంగ్లీషు కంపెనీలు మొదట కవాతు నేర్పింది తెలుగునేల, తమిళనేల మనుషులకి. వాళ్లు ఎర్రకోటు తొడుక్కుని ఉత్తరాదికి వెళ్లేసరికి, ఆ వేషం ఎవరు వేసినా జనం తిలంగా అనేశారు. 1857లో ఢిల్లీలో తిరగబడిన అవధ్ సిపాయిల్నీ అలాగే పిలిచారు, వాళ్లలో తెలుగు తెలిసినవాడు లేకపోయినా. ఏ మగ్గం పేరుతోనో, ఏ కవి పేరుతోనో కాక, జీతానికి తుపాకి పట్టిన మనిషి పేరుతో మన జాతి పేరు అంతదూరం నడిచింది. వలస అన్న మాట ఊరి పేరులోనే ఉన్నవాణ్ని నేను. ఆ నడక నాకు కొత్తగా తోచలేదు.

రెండో సాయంత్రం మనవడు ఆట ఆపేసి వచ్చి కూర్చున్నాడు. "అయితే మన మాగోఇచి ఎవరు తాతా?" అన్నాడు. నేను చెప్పిన పేరు ఇబ్రహీంఖాన్ గార్దీ.

బుస్సీ దగ్గర పనిచేసి, ఆ కవాతు, ఆ ఫిరంగి విద్య ఒంటబట్టించుకున్నవాడు ఇబ్రహీంఖాన్. తర్వాత హైదరాబాదు నిజాంఅలీ కొలువు. అక్కడ తీసేశాక పీష్వా మనుషులు పిలిచి పెట్టుకున్నారు. 1760లో ఉద్గీర్ దగ్గర తన పాత యజమాని మీదే ఫిరంగులు నడిపాడు. ఇంతవరకు చూస్తే ఆటలోని మనిషే. 1761 జనవరి 14, పానిపట్టు. మరాఠా సేనాపతి సదాశివరావు భావూ సైన్యానికి ఎడమపక్క ఇబ్రహీంఖాన్ తొమ్మిది పటాలాలు నిలిచాయి. ఎదురుగా అఫ్గాన్ రాజు అబ్దాలీ పక్షాన రోహిల్లాలు.

తుపాకి వాడి చేతిలో బటన్ నొక్కితే పేలుతుంది గనక అసలు పని ఎలాగో చూపించాను. న్యూస్‌పేపరు ముక్కని గొట్టంలా చుట్టి ఇచ్చాను. ఇది తూటా. దీన్ని పళ్లతో కొరుకు. చిటికెడు మందు తుపాకి చెవి దగ్గర పొయ్యి, మూత వెయ్యి. తుపాకి నిలబెట్టు. మిగతా మందు గొట్టంలో వంచు, గుండూ కాగితమూ దానిమీద దింపు, ఇనుపచువ్వ తీసి దట్టించు, చువ్వ మళ్లీ దాని చోట పెట్టు. భుజానికెత్తు. చెకుముకిరాయి కొట్టుకుని నిప్పు రాలితే పేలినట్టు, లేకపోతే లేదు. మందులో సురేకారం ఉంటుంది, పది తూటాలు కొరికేసరికి నోరు పిడచకట్టుకుపోతుంది. గుర్రాలు మీదికి దూసుకొస్తుంటే పక్కవాడు పడిపోయినా వరస చెడకుండా ఇదంతా చెయ్యాలి. వాడు కాగితం కొరికి చూసి, కాసేపు ఏమీ అనలేదు.

ఆ యుద్ధాన్ని కళ్లారా చూసి పారసీలో రాసినవాడు కాశీరాజ్ పండిత్, అబ్దాలీ వైపు నిలిచిన అవధ్ నవాబు శుజాఉద్దౌలా కొలువులో ఉండేవాడు. ఇబ్రహీంఖాన్ పటాలాల్ని ఆయన తిలంగాలనే రాశాడు. వాళ్లలో మన తీరంవాళ్లు ఎందరో లెక్క తేలదు, పేరు మాత్రం మనది. ఆ పొద్దుటి ముచ్చట ఒకటి ఆయన రాశాడు. యుద్ధం మొదలయ్యే ముందు ఇబ్రహీంఖాన్ గుర్రం మీద భావూ దగ్గరికి వచ్చి సలాం చేశాడు. నా మనుషులకి నెలనెలా జీతం పడాల్సిందేనని పట్టుబడుతుంటానని మీకు నా మీద కోపంగా ఉండేది, ఈ నెల ఖజానా దోపిడీకి పోయి మాకేమీ ముట్టలేదు, అయినా సరే, ఇన్నాళ్లూ తిన్న జీతం బాకీ ఇవాళ తీర్చేస్తాను అన్నాడట.

వెంటనే వెనక్కి వెళ్లి, ఒక జెండా తనే చేతపట్టుకుని, కాల్పులు ఆపించి, రెండు పటాలాల్ని పక్క కాయడానికి ఉంచి, ఏడు పటాలాల్ని బాకుతుపాకులతో రోహిల్లాల మీదికి నడిపించాడు. రోహిల్లాలు వేలల్లో పడ్డారు. ఏడింటిలో ఆరు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. ఇబ్రహీంఖాన్ ఒంటినిండా ఈటె పోట్లు, ఒక తుపాకి గుండు. పట్టుబడ్డాడు. శుజాఉద్దౌలా కొన్నాళ్లు దాచాడు. అబ్దాలీ మనుషులు పట్టుబట్టి తీసుకుపోయారు. ప్రాణాలతో తిరిగి రాలేదు.

నేను ఈ మనిషిని కొలువులు మారినవాడని చిన్నచూపు చూడలేను. తన కిందివాళ్ల జీతం కోసం యజమానితో నెలనెలా పోట్లాడిన నాయకుడు, జీతం రాని నెలలో జెండా తనే పట్టుకున్నాడు. మా యూనియన్ రోజుల్లో అలాంటివాళ్లని ఒకరిద్దర్ని చూశాను, వాళ్ల మాట మీద రెండు పూటలు తిండిలేకుండా కూర్చున్నాను కూడా.

లోపలినుంచి మా ఇంటావిడ కేకేసింది. "ఏటా యుద్ధాలు! అన్నం సల్లారిపోతన్నాది, రండి."

లేస్తూ లేస్తూ మనవడు అడిగాడు. "మరి ఆ నెల జీతం తర్వాతైనా ఇచ్చారా తాతా?"

"ఎవరిస్తారురా? ఇవ్వాల్సినవాడు భావూ. మర్నాటికి శవాల గుట్టల్లో ఆయన్నే వెతుకుతున్నారు."