రాగి మీద పచ్చని చిలుము



మా అమ్మమ్మ రాగిబిందెను చింతపండూ ఉప్పూ పెట్టి తళతళలాడేదాకా తోమితేగాని మడినీళ్లకు ముట్టేది కాదు. ఆవిడే గనక ఇప్పుడు మా కోడలు వంటింట్లో, పొయ్యి వెనక గోడకు కొట్టించిన రాగిరేకును చూస్తే ఏమనేదో! కావాలని చిలుము పట్టించిన రేకు అది, నెమలికంఠం రంగులో ఉంటుంది. "ఇదేం సరదా తల్లీ?" అని నేనూ అడిగాను. తీరా చూస్తే, ఒకప్పుడు ఈ చిలుమే ఎందరో ఆడవాళ్లకు అన్నం పెట్టింది.

ఫ్రాన్సు దేశానికి దక్షిణాన మోంపెల్యే అనే ఊరుంది. 18వ శతాబ్దంలో అక్కడి ఇళ్ల నేలమాళిగల్లో చిలుము తయారయ్యేది. చేసేది ఎక్కువగా ఇల్లాళ్లే. మట్టికుండల్లో పులిసిన ద్రాక్షకాడలు ఒక వరస, రాగిరేకులు ఒక వరస పేర్చి మూత పెట్టేవారు, మనం ఊరగాయ పెట్టినట్టే. ఆ పులుపు ఆవిరికి రేకుల మీద చిలుము పుట్టేది. తర్వాత వాటిని నిలబెట్టి, తడుపుతూ, బాగా ఉబ్బాక కత్తితో గీకి వర్తకులకు అమ్మేవారు. చిత్రకారులకూ, తలుపులకు రంగులు వేసేవాళ్లకూ కావలసిన పచ్చరంగు అదే. 1750ల్లో మోంతే అనే రసాయనవేత్త ఈ పద్ధతిని వివరంగా రాశాడు. గ్రంథాల్లో ఆయన పేరు నిలిచింది. కుండలు పేర్చిన చేతుల పేర్లు ఎవరు రాశారు?

అయితే పులుపుతో త్వరగా వచ్చిన చిలుము నీళ్లకు కరిగిపోతుంది. వానకూ గాలికీ ఏళ్ల తరబడి పట్టినది వేరు. న్యూయార్కులోని స్వేచ్ఛా విగ్రహం 1886లో నిలబెట్టినప్పుడు రాగిరంగులోనే ఉండేది. రేకు మందం రెండున్నర మిల్లీమీటర్లయినా లేదు. పచ్చబడుతున్నదని 1906లో రంగు వేయించబోతే జనం ఒప్పుకోలేదు. ఇంజనీర్లు పరీక్షించి, ఆ పచ్చని పొర రాగిని తినెయ్యడం లేదు, పైగా కాపాడుతోందని తేల్చారు. పైన రంగు వెయ్యలేదు.

మా కోడలిది త్వరగా వచ్చే రకం. రేకుకు జిడ్డు లేకుండా తోమి, వెనిగరూ ఉప్పూ కలిపి చిలకరించి, గాలి చొరబడకుండా కప్పి ఉంచింది. రంగు బ్రహ్మాండంగా వచ్చింది. సరిగ్గా ఆరకముందే, పైన ఏమీ పుయ్యకుండానే గోడకు బిగించారు. మొదటివారంలోనే చారు పొంగి చిందింది. చింతపండు సంగతి మీకు చెప్పాలా! చిందినమేరా చిలుము పోయి ఎర్రగా చారలు తేలాయి.

మళ్లీ పట్టించి, పూర్తిగా ఆరనిచ్చి, పొడి దులిపి, ఈసారి రంగులేని వార్నిష్ వేయించింది. మైనం రుద్దినా సరిపోతుంది గాని పొయ్యి సెగకు కరుగుతుంది. తడిగుడ్డతో తుడవాలి, నిమ్మచెక్క మాత్రం దగ్గరికి రానివ్వకూడదు. ఇంకో మాట. చిలుము విషం. వంటలో రాలకూడదు. రాగి గిన్నెలకు లోపల కళాయి పూయించింది అందుకేగా!

చారు చిందిన ఓ మూల మాత్రం కోడలు ఎర్రగానే వదిలేసింది. అదేమిటంటే, "అమ్మమ్మగారి వాటా అత్తయ్యా" అంది.