లారీ దీపం ఎటు చూడాలి?

బెంగళూరులో పని ముగించుకుని రాత్రి బస్సులో అనంతపురం వైపు వచ్చినవాళ్ళు మీలో చాలామందే ఉంటారు. దేవనహళ్ళి, చిక్కబళ్ళాపురం, బాగేపల్లి దాటితే కొడికొండ దగ్గర ఆంధ్రలో అడుగుపెడతాం. ఆ రోడ్డు ఇంకా వెడల్పు కాని రోజుల్లో నేను తరచు డ్రైవరు వెనక సీట్లో కూర్చునేవాణ్ణి. ఎదురుగా లారీ వస్తే చాలు, డ్రైవరు ఒక చేయి కళ్ళకు అడ్డం పెట్టుకుని "డిమ్ము కొట్టవయ్యా" అని గొణుక్కునేవాడు. చిత్రమేమిటంటే, చాలాసార్లు ఆ లారీ అప్పటికే డిమ్ములో ఉండేది. డ్రైవరు మర్యాదస్థుడే. దీపమే పైకి చూస్తోంది. ఆ నాలుగు క్షణాల్లో రోడ్డు అంచున సైకిలు తొక్కేవాడూ, ఎద్దులబండీ మన డ్రైవరుకు కనబడవు.

ఈ దీపం కథకు బెంగళూరులో పాత మొదలే ఉంది. శివనసముద్రం జలవిద్యుత్తు 1902లో మొదట కోలారు బంగారు గనులకు చేరింది. 1905 ఆగస్టు 5న బెంగళూరు వీధుల్లో విద్యుద్దీపాలు వెలిగాయి. అయితే ఆనాటి మోటారు బండ్లకు ఇంకా కార్బైడ్ దీపాలే. మన ఊళ్ళలో రాత్రి ఊరేగింపుల్లో ఆ దీపాల వాసన ఎరిగిన పెద్దలు ఇంకా ఉన్నారు. జర్మనీలో బాష్ కంపెనీ 1913లో డైనమోతో నడిచే విద్యుద్దీపాలను మోటారు బండ్లకు తెచ్చింది. అదే కంపెనీ తోడ్పాటుతో 1951లో బెంగళూరులో మైకో ఏర్పడింది. స్పార్క్ ప్లగ్గులు, డీజిల్ పంపుల పేరుతో మన లారీ యజమానులకు బాగా తెలిసిన పేరే. అది 2008లో బాష్ లిమిటెడ్ అయింది.

దీపం బలపడిన కొద్దీ ఎదుటివాడి బాధా పెరిగింది. 1920ల మధ్యలో ఒకే బల్బులో రెండు తీగలు పెట్టి డిమ్మూ, బ్రైటూ రెండూ వచ్చేలా చేశారు. 1957 నుంచి ఐరోపాలో మరో మెలకువ వచ్చింది. డిమ్ము వెలుగు ఎదురు బండి వచ్చే పక్క కిందికే ఉండి, రోడ్డు అంచు పక్క మాత్రం కాస్త పైకి లేస్తుంది. మనం ఎడమన నడుస్తాం కనక ఆ లేచే వైపు మనకు ఎడమన ఉండాలి. కుడివైపు నడిచే దేశాల దీపాన్ని తెచ్చి ఇక్కడ బిగిస్తే అది నేరుగా ఎదుటివాడి కంట్లో కొడుతుంది. విడిభాగాలు కొనేటప్పుడు ఈ ఒక్కటీ చూసుకోండి.

ఇక లారీకి ప్రత్యేకంగా ఉన్న చిక్కు లోడు. జంషెడ్‌పూర్‌లో 1954 నుంచి టాటా లారీలు తయారయ్యాయి. మన సరిహద్దులోనే, తెలుగువాళ్ళు ఎందరో ఉన్న హోసూరులో అశోక్ లేలండ్ కార్ఖానా 1980లో వచ్చింది. ఎవరు చేసిన లారీ అయినా ఒకటే సంగతి: తాడిపత్రి బండలు నింపితే వెనక కమానుకట్టలు కుంగుతాయి, మూతి లేస్తుంది, దాంతో దీపమూ లేస్తుంది. మూతి ఒక్క డిగ్రీ లేస్తే యాభై మీటర్ల దూరంలో వెలుగు దాదాపు 87 సెంటీమీటర్లు పైకి పోతుంది. నూరు మీటర్ల దగ్గర అది ఒకటిముప్పావు మీటరు. ఖాళీ బండికి చక్కగా కుదిరిన దీపం, బండలెక్కాక ఎదుటి డ్రైవరు మొహాన పడుతుందంటే వింత లేదు.

చట్టం ఈ సంగతి మరచిపోలేదు. 1988 మోటారు వాహనాల చట్టం కింద వచ్చిన 1989 కేంద్ర నియమాల్లో 106వ నియమం ఉంది. దీపానికి ఎనిమిది మీటర్ల ముందు, అర మీటరు కుడి పక్కన, నేల నుంచి మీటరున్నర ఎత్తున ఉన్న కంటిని వంచిన వెలుగు మిరుమిట్లు గొలపరాదంటుంది. మీటరున్నర అంటే నిలబడ్డ మనిషి కన్ను ఇంచుమించు. కాగితం మీద ఎంత తేటగా ఉంది! రోడ్డు మీద దాన్ని కొలిచేదెవరన్నదే నా అనుమానం.

బెంగళూరు కలాసిపాళ్యంలో ఒక వైరింగ్ మేస్త్రీ పని చూశాను. బండి రాగానే ఆయన అడిగే మొదటి మాట "లోడు ఉందా?" అని. లేకపోతే సాయంత్రం లోడు వేసుకుని రమ్మనేవాడు. టైర్లలో గాలి చూసి, చదునైన నేల మీద గోడకు పది మీటర్ల దూరంలో బండి నిలిపి, దీపం నడిమి ఎత్తును సుద్దతో గీసేవాడు. డిమ్ము వెలుగు పై అంచు ఆ గీతకు దిగువన పడాలి. దీపం మీటరు కంటే ఎత్తున ఉన్న బండికి 15 నుంచి 20 సెంటీమీటర్ల దిగువ అని ఐరోపా నిబంధనలు చెబుతాయి. మరీ దించితే డ్రైవరుకే ముందు రోడ్డు చాలదు. మీటరు ఎత్తు దీపం 20 సెంటీమీటర్లు దిగితే వెలుగు యాభై మీటర్లకే నేల తాకుతుంది. డూమ్ పక్కనున్న స్క్రూలు అటూ ఇటూ తిప్పడమే పని, పావుగంట పట్టదు.

ఇప్పుడు మరో తంటా వచ్చింది. బెంగళూరు జె.సి. రోడ్డు దుకాణాల్లో ఎల్.ఈ.డి. బల్బులు కొని పాత హాలోజన్ డూముల్లో పెట్టేస్తున్నారు. వెలుగు పుట్టే చోటు కాస్త మారినా అద్దం దాన్ని ఎటుపడితే అటు చిమ్ముతుంది. అప్పుడు ఎంత ఫోకస్ సరిచేసినా పై అంచు గోడ మీద నిలవదు. మీ బండికి అలాంటివి వేసి ఉంటే ఈ రాత్రే గోడ ముందు పెట్టి చూడండి.