8215 ముందు క్యూ

ఆదివారం మధ్యాహ్నం. గచ్చిబౌలిలో ఆఫీసు ఫ్లోరంతా ఖాళీ. మీరు మాత్రం లాగిన్ అయి కూర్చున్నారనుకోండి. తెర మీదున్నది అమెరికాలో ఓ బ్యాంకు మెయిన్‌ఫ్రేమ్. అక్కడ శనివారం అర్ధరాత్రి దాటింది. మార్పులు చేసుకోవడానికి వాళ్లిచ్చిన టైమ్ ఇదే.

"సార్, బ్యాచ్ మళ్లీ 8215 డిస్కు దగ్గరే నెమ్మదిస్తోంది." హెడ్‌సెట్‌లో ఆపరేటర్.

పనితీరు కొలిచే ఆర్‌ఎంఎఫ్‌లో డిస్కుల రిపోర్టు తెరుస్తారు. 8215 వరసలో రెస్పాన్స్ టైమ్ 12 మిల్లీసెకన్లు. పక్క కాలమ్‌లు చూడండి: కనెక్ట్, డిస్‌కనెక్ట్, పెండ్ మూడూ కలిపితే 3. మిగతా 9 మొత్తం ఐఓఎస్‌క్యూ. అంటే డిస్కును తిట్టి లాభం లేదు. రిక్వెస్టు అసలు డిస్కు దాకా వెళ్లనే లేదు, ఆపరేటింగ్ సిస్టమ్ జెడ్‌ఓఎస్ లోపలే వంతు కోసం ఆగింది.

ప్రతి వాల్యూమ్‌కూ జెడ్‌ఓఎస్ దగ్గర యూసీబీ అనే కంట్రోల్ బ్లాక్ ఒకటి ఉంటుంది. ఒక యూసీబీ మీద ఒకసారి ఒక్క ఐఓనే (చదవడమో రాయడమో) నడుస్తుంది. వాల్యూమ్ అంటే నిజంగా తిరిగే డిస్కు అయిన రోజుల్లో అది సరైన నియమమే. ఇప్పుడు 3390 అన్న డిస్కు రకం పేరుకే మిగిలింది. కింద డేటా రెయిడ్‌లో ఎన్నో డ్రైవ్‌ల మీద పరుచుకుని ఉంటుంది, చాలాభాగం కాష్‌లోంచే వచ్చేస్తుంది. అందుకే 1999లో ఐబీఎం, షార్క్ అని పిలిచే స్టోరేజీతో పీఏవీని (పారలల్ యాక్సెస్ వాల్యూమ్స్) తెచ్చింది. అసలు యూసీబీ బేస్; అదే వాల్యూమ్‌కు అదనపు యూసీబీలు అలియాస్‌లు. అలియాస్ ఒకటి చేరితే ఇంకో ఐఓకు దారి దొరికినట్టే. ఒకే ఎక్స్‌టెంట్‌లో, అంటే డిస్కు మీద ఒకే భాగంలో, ఇద్దరు రాయబోతే మాత్రం ఒకరు ఆగాలి. ఆ కాపలా స్టోరేజీ చూసుకుంటుంది.

ఇప్పుడు అలియాస్‌లు చూడటానికి డీఎస్ క్యూపీఏవీఎస్ కమాండ్ కొడతారు. ఎడమవైపు హోస్ట్ లెక్క, కుడివైపు స్టోరేజీ లెక్క. 8215కి ఉన్నది ఒకే అలియాస్, 82ఎఫ్‌ఎఫ్. 8240కి మూడున్నాయి; ఒకప్పుడు దాని మీద బిజీ డేటాబేస్ ఉండేది, ఇప్పుడు పాత ఫైళ్లే. అలియాస్‌లను ఒక్కో బేస్‌కు కట్టేసి ఉంచే స్టాటిక్ పీఏవీతో వచ్చే తంటా ఇదే. పెళ్లి భోజనాల్లో పంక్తికి ఇంతమందని వడ్డించేవాళ్లను కట్టేస్తే, అందరూ తిని లేచిపోయిన పంక్తి దగ్గర కూడా ముగ్గురు గరిటెలు పట్టుకుని నిలబడతారు.

అవసరాన్ని బట్టి అలియాస్‌లను జరిపే డైనమిక్ పీఏవీకి మార్చాలంటే, హార్డ్‌వేర్ అమరికలుండే హెచ్‌సీడీలోకి వెళ్లాలి. బేస్‌లు 3390బీ, అలియాస్‌లు 3390ఏ అని ముందే ఉన్నాయి. రెండింటికీ డబ్ల్యూఎల్‌ఎంపీఏవీ అన్న సెట్టింగ్ 'యెస్' చేస్తారు. ఒక కంట్రోల్ యూనిట్ కింద అడ్రసులు 256 మాత్రమే. బేస్‌లు 00 నుంచి పైకి, అలియాస్‌లు ఎఫ్‌ఎఫ్ నుంచి కిందికి ఇవ్వడం అలవాటు. ఏ అడ్రసు బేస్, ఏది అలియాస్ అన్నది హెచ్‌సీడీలోనూ స్టోరేజీలోనూ ఒక్కలాగే ఉండాలి. ఒక్కటి తేడా వచ్చినా ఆ అలియాస్ పనికిరాదు. ముందు యాక్టివేట్ టెస్ట్, తర్వాతే అసలు యాక్టివేట్.

ఇక డబ్ల్యూఎల్‌ఎం (వర్క్‌లోడ్ మేనేజర్) ప్యానెల్. అలియాస్‌లను జరిపేది ఇదే. డైనమిక్ అలియాస్ మేనేజ్‌మెంట్ 'యెస్', ఐఓ ప్రయారిటీ మేనేజ్‌మెంట్ కూడా 'యెస్'. పాలసీ యాక్టివేట్ చేసే ముందు ఆగి ఒక మాట అడగండి.

"ఈ డిస్కుల్ని టెస్ట్ సిస్టమ్ కూడా వాడుతోందా?"

"లేదు సార్. ప్రొడక్షన్ సిస్‌ప్లెక్స్ ఒక్కటే."

బతికిపోయారు. రెండు సిస్‌ప్లెక్స్‌లు (కలిసి పనిచేసే మెయిన్‌ఫ్రేమ్ సిస్టమ్‌ల గుంపులు) ఈ డిస్కుల్ని పంచుకుంటుంటే రెండు డబ్ల్యూఎల్‌ఎంలు ఒకే అలియాస్‌ల కోసం కొట్లాడుకునేవి. ఒకరి అవసరం ఇంకొకరికి తెలియదు.

యాక్టివేట్ అయింది. ఇక చేయగలిగింది చూడటమే. తర్వాతి ఆర్‌ఎంఎఫ్ ఇంటర్వెల్‌లో 8215 పక్కన పీఏవీ సంఖ్య పెరిగింది, దాని మీద నక్షత్రం గుర్తు: ఈ ఇంటర్వెల్‌లోనే మారిందని అర్థం. 8240 దగ్గర తగ్గింది. ఐఓఎస్‌క్యూ దిగుతోంది, కానీ తీరిగ్గా. డబ్ల్యూఎల్‌ఎం కాసేపు గమనించి, ఆలోచించి అలియాస్‌ను జరుపుతుంది. రద్దీ నిమిషంలో వచ్చి నిమిషంలో పోయేదైతే, అలియాస్ చేరేసరికి అక్కడ పనే ఉండదు.

ఆ జాప్యానికి విరుగుడు 2006లో ఐబీఎం డీఎస్8000 స్టోరేజీ మీద వచ్చిన హైపర్‌పీఏవీ. అందులో అలియాస్‌లు ఏ బేస్‌కూ కట్టుబడి ఉండవు. కంట్రోల్ యూనిట్ మొత్తానికి ఒక పూల్. ఐఓ వచ్చినప్పుడు ఒకదాన్ని తీసుకుని, అవగానే తిరిగి అందులోనే పెట్టేస్తారు. జరపడానికి డబ్ల్యూఎల్‌ఎం అక్కర్లేదు, సిస్‌ప్లెక్స్‌ల గొడవా లేదు. మీ స్టోరేజీకి ఆ లైసెన్సు ఉంటే డైనమిక్ కోసం ఆదివారాలు పాడుచేసుకోకండి. జెడ్‌ఓఎస్ సెట్టింగులుండే ఐఈసీఐఓఎస్ మెంబర్‌లో హైపర్‌పీఏవీ 'యెస్' పెట్టుకోండి. దానిక్కూడా అలియాస్ అడ్రసులు రెండువైపులా కుదరాలి కాబట్టి, ముందు డీఎస్ క్యూపీఏవీఎస్ కొట్టి చూసుకోండి.