కౌలుకు తెచ్చిన దృశ్యాలు

1965 మార్చి 7, ఆదివారం. అమెరికాలో సెల్మా అనే చిన్న ఊరు. ఓటు హక్కు కోసం వంతెన దాటుతున్న నల్లజాతివారిని పోలీసులు లాఠీలతో చావబాదారు. టియర్ గ్యాస్ పొగ కమ్ముకున్నా కెమెరాలు ఆగలేదు. ఆ రాత్రి ఏబీసీ చానల్ వేస్తున్న సినిమాను ఆపేసి మరీ ఆ దృశ్యాలు చూపించింది.

రెండు రోజులకు మళ్లీ నడక కట్టారు. అందులో పాతికేళ్ల హెన్రీ హాంప్టన్ ఉన్నాడు. పదిహేనో ఏట పోలియో వచ్చి ఒక కాలు చచ్చుబడింది. ఆ కాలితోనే వంతెన దాకా నడిచాడు. ఇదంతా ఎప్పటికైనా తెరకెక్కించాలన్న తలపు అక్కడే పుట్టింది. తీరేసరికి ఇరవయ్యేళ్లు దాటింది. ‘ఐస్ ఆన్ ద ప్రైజ్’ అనే ఆ టీవీ డాక్యుమెంటరీ 1987లో ఆరు భాగాలు, 1990లో ఎనిమిది భాగాలుగా వచ్చింది.

కథ తనదే గానీ బొమ్మలు తనవి కావు. ఎనభైకి పైగా చోట్ల నుంచి పాత వార్తా దృశ్యాలు తెచ్చుకున్నాడు. శాశ్వత హక్కు కొనేంత డబ్బు లేదు. దొరికిన డబ్బుకు కొన్నేళ్ల గడువుతో రాయించుకున్నాడు.

మా కె.కోటపాడు వైపు పొలం కౌలుకు తీసుకునేవాడు మొదట అడిగేది ‘ఎన్నేళ్లకి?’ అనే. గడువు తీరాక చేలో ఏం పండించినా చేను నీది కాదు. హాంప్టన్‌కూ అదే జరిగింది. 1990ల నడుమ గడువులు తీరిపోయాయి. టీవీలో వేయడానికి లేదు, కొత్త ప్రతులు అమ్మడానికి లేదు. బడుల్లో, గ్రంథాలయాల్లో మిగిలిన పాత టేపులు అరిగిపోతూ వచ్చాయి. ఒక జాతి తిన్న దెబ్బల చరిత్రకు అలా తాళం పడడం తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు రగిలిపోతుంది.

ఈ చిక్కు మనకూ ఉంది. మన దగ్గర 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. దాని మీద మా ఊరి కుర్రాడెవరైనా డాక్యుమెంటరీ తీయాలనుకుంటే ఆనాటి చానల్ దృశ్యాలు అడగాల్సిందే. అనుమతి కాగితంలో గడువు రాయకపోతే మన కాపీరైట్ చట్టం దాన్ని ఐదేళ్లుగానే లెక్కేస్తుంది. ఎక్కడెక్కడ చూపించవచ్చో రాయకపోతే భారతదేశం వరకే. బయటి దేశపు చిత్రోత్సవానికి పంపాలంటే ఆ ముక్క ముందే రాయించుకోవాలి. 1950లలో ఫిల్మ్స్ డివిజన్ విడుదల చేసిన వార్తాచిత్రాలకైతే అరవయ్యేళ్ల హక్కు తీరిపోయింది, అనుమతి అక్కర్లేదు. మంచి ప్రతి కోసం మాత్రం దాచినవాళ్ల గుమ్మం తొక్కక తప్పదు.

హాంప్టన్ డాక్యుమెంటరీ కోసం చివరికి ఫోర్డ్ ఫౌండేషన్ 6 లక్షల డాలర్లు, రిచర్డ్ గిల్డర్ అనే దాత రెండున్నర లక్షలు ఇచ్చారు. ఒక్కో దృశ్యానికీ, పాటకూ మళ్లీ అనుమతులు తెచ్చారు. 2006 అక్టోబరులో సెల్మా వంతెన మళ్లీ టీవీలో కనిపించింది. చూడడానికి హాంప్టన్ లేడు. 1998 నవంబరులోనే కన్నుమూశాడు.