కృష్ణుడి నుంచి శకుని దాకా

చందర్లపాడు, నందిగామ, జగ్గయ్యపేట మెట్ట ఊళ్లలో చాలాకాలం నాటకమంటే పద్యనాటకమే. హార్మోనియం శ్రుతి అందుకోగానే రాయబారం కృష్ణుడు రాగం తీసేవాడు, పందిట్లో జనం వన్స్‌మోర్ కొట్టేవారు. అలాంటి కృష్ణుడి వేషంతో పేరు తెచ్చుకున్నవాడు సి.ఎస్.ఆర్. ఆంజనేయులు. రంగస్థలం మీద దేవుడిగా వెలిగి, సినిమాల్లో పక్కవేషాలకు దిగజారాడని ఆయన గురించి అనేవాళ్లున్నారు. ఆ మాట నాకు సమ్మతం కాదు. వేషాలు మారాయి గానీ, నాటకం నేర్పిన వాచికం ఆయనలో చివరిదాకా పదునెక్కుతూనే వచ్చింది.

1936లో ద్రౌపది కథ మీద రెండు సినిమాలు పోటాపోటీగా వచ్చాయి. 'ద్రౌపదీ వస్త్రాపహరణం'లో సి.ఎస్.ఆర్. కృష్ణుడు, మైలవరం నాటక సమాజంలో మెరిసిన యడవల్లి సూర్యనారాయణ దుర్యోధనుడు, కన్నాంబ ద్రౌపది. ఎదుటి సినిమా 'ద్రౌపదీ మానసంరక్షణం'లో బళ్లారి రాఘవ దుర్యోధనుడు, బందా కనకలింగేశ్వరరావు కృష్ణుడు. జనం మొదటిదాన్నే ఆదరించారు. రాఘవ అంతటివాడికే సినిమా కలిసిరాలేదు కదా, నాటకం చదువు తెరకు పనికిరాదనడానికి అదే రుజువు కాదా అని అడగవచ్చు. కాదు. గెలిచిన సినిమా నిండా ఉన్నదీ నాటకం వాళ్లే. పైగా అప్పట్లో నటుడు తన పాట తానే పాడుకోవాలి. పద్యం పట్టున్న గొంతు లేనిదే టాకీ నడవదు.

నేపథ్యగానం స్థిరపడ్డాక ఆ అవసరం తీరిపోయింది. కథానాయకుడి స్థానం కొత్త తరానికి వెళ్లింది. దిగజారాడనే వాళ్ల వాదనలో బలం ఉన్నది ఇక్కడే, కాదనను. కానీ ఒక్క దర్శకుడి సినిమాలే చూడండి. పి. పుల్లయ్య 1939లో ఆయన చేత వేంకటేశ్వరుడి వేషం వేయించాడు, 1955లో 'కన్యాశుల్కం'లో రామప్ప పంతుల్ని చేశాడు. దేవుడి వేషంలో సగం పని కిరీటమే చేసిపెడుతుంది. రామప్ప పంతులికి ఆ ఆసరా లేదు. డాబూ, పిరికితనమూ రెండూ మాట విరుపులోనే పలకాలి. ఈ రెండో పనే కష్టమైనదని నా అభిప్రాయం.

1957 నాటి 'మాయాబజార్' శకునిలో ఆ పనితనం పండింది. సినిమా అంతా అణిగిన గొంతు, పెదవి మీద చిరునవ్వు. పద్యానికి ఊపిరి ఎక్కడ బిగబట్టాలో తెలిసినవాడు గనుకే మాటను అంత పొదుపుగా వదలగలిగాడు. చివర సత్యపీఠం ఎక్కుతాడు. దాని మీద నిలబడితే నిజం దాగదు. దాచుకున్న కుట్రంతా ఆయన నోటివెంట ధారగా బయటికొస్తుంది. అంతసేపూ అదిమిపెట్టిన గొంతు ఒక్కసారిగా విచ్చుకుంటుంది. అది పందిట్లో పద్యం ఎత్తుకున్న గొంతే.