గ్యాస్ ఎక్కడికి పోతుంది? పాత పోర్షే 911 ఏసీ లీకేజీ వెనక నూరేళ్ల కథ

అన్నలూ, తమ్ముళ్లూ, ఈ పోస్టు పొడుగు. సెలవు రోజు రూములో తీరిగ్గా చదువుకోండి. "పాత పోర్షే 911కి గ్యాస్ పట్టిస్తే ఒక్క ఎండాకాలం కూడా ఆగదు, ఏంది కథ?" అని ఏసీ పని చేసే మనవాళ్లు చాలామంది అడుగుతుంటరు. లీకేజీ అని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఆ లీకేజీకి పెద్ద చరిత్ర ఉంది. అందులో మన సికింద్రాబాద్ కూడా ఉంది. పానా పట్టుకునే మన చేతులకు ప్రమాదం ఎక్కడ ఉందో కూడా ఆ చరిత్రలోనే ఉంది.

ముందు బండి సంగతి. 1960ల నుంచి 1989 దాకా వచ్చిన 911 రకాల్లో ఇంజన్ వెనకాల ఉంటది. రేడియేటర్ లేదు, నీళ్లు లేవు, గాలితోనే చల్లబడాలి. ఆ బండిని ఏసీ కోసం గీయలేదు, ఏసీయే తర్వాత వచ్చి దొరికిన చోట సర్దుకుంది. కంప్రెసర్ వెనక ఇంజన్ మీద ఉంటది. అక్కడి నుంచి వేడి గ్యాస్ ఇంజన్ మూత కింద బిగించిన కండెన్సర్‌కు పోతది. అక్కడి నుంచి బండి ఎడమ పక్క అడుగు భాగం వెంబడి పొడుగు పైపులో ముందుకొచ్చి, ముందు డిక్కీ అడుగున ఉన్న రెండో కండెన్సర్‌లో పడతది. ఆ తర్వాత ముందు ఎడమ చక్రం గూటిలో ఉన్న డ్రయర్, ఆ తర్వాత కూలింగ్ కాయిల్. లోపల చల్లబరచడం అయినంక ఆ గ్యాస్ మళ్లీ అంత దూరం వెనక్కి పోయి కంప్రెసర్‌లో చేరాలి. మామూలు కొరొల్లాలో ఈ యాత్ర అంతా బానెట్ దగ్గరే అయిపోతది.

ఇంజన్ మూతకు పోయే పైపులు మూత ఎత్తిన ప్రతిసారీ వంగుతయి. అడుగున పోయే పైపులకు రాళ్లు, నీళ్లు, ఇక్కడైతే ఇసుక. ఇంకో తమాషా ఏమంటే, ఇంజన్ ఫ్యాన్ లాక్కునే గాలి ఆ మూత కండెన్సర్ గుండానే లోపలికి వస్తది. అంటే ఏసీ వేడి చేసిన గాలితోనే ఇంజన్ చల్లబడాలి. జర్మనీలో నడుస్తది. ఆగస్టు నెలలో ఇక్కడ సిగ్నల్ దగ్గర నిలబడితే హై సైడ్ ప్రెషర్ ఎక్కడికి పోతదో గేజ్ పెట్టినోళ్లకు తెలుసు.

అసలు దొంగ మాత్రం పైపు రబ్బరే. ఇప్పటి ఏసీ పైపుల లోపల నైలాన్ పొర ఉంటది. ఆ రోజుల్లోవి ఉత్త రబ్బరు, పైన అల్లిక. ఎక్కడా చిల్లు లేకున్నా గ్యాస్ ఆ రబ్బరులోంచి చెమట పట్టినట్టు మెల్లగా బయటికి పోతది. సబ్బు నురగ పెడితే బుడగ కూడా రాదు. "లీకేజీ ఏం లేదు సార్" అని మళ్లీ గ్యాస్ కొట్టి పంపిస్తరు. నాలుగు నెలలకు అదే బండి, అదే గొడవ.

ఇట్లాంటి పైపులు పెట్టి ఎందుకు ఊరుకున్నారు? ఆ రోజుల్లో గ్యాస్ చవక, విషం కాదు, మంట అంటుకోదు. పోతే మళ్లీ నింపుకోవచ్చు అన్న కాలం అది. ఆ ధీమా రావడానికి ముందు చాలా ప్రాణాలు పోయాయి.

1920లలో అమెరికా ఇళ్ల ఫ్రిజ్‌లలో అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్ వాడేవారు. మొదటి రెండూ లీకైతే ముక్కు పగిలిపోయే ఘాటు, మనిషి లేచి పరిగెత్తుతాడు. మిథైల్ క్లోరైడ్ అట్లా కాదు. వాసన చాలా తక్కువ, కొద్దిగా తియ్యటి వాసన. రాత్రి వంటింట్లో లీకైతే పడుకున్నోళ్లకు తెలియదు. 1920ల చివర్లో షికాగోలో ఇట్లా జనం చనిపోయారు, పేపర్లలో పెద్ద గొడవ అయింది. ఈ మిథైల్ క్లోరైడ్ పేరు గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ వస్తది.

విషం కాని, మండని గ్యాస్ కావాలని జనరల్ మోటార్స్ తన కెమిస్టు థామస్ మిడ్జ్లీకి పని అప్పజెప్పింది. 1928లో ఆయన బృందం మనం ఆర్-12 అనే గ్యాస్‌ను ముందుకు తెచ్చింది. ఫ్రియాన్ అనేది దాని వ్యాపారం పేరు. 1930లో కెమిస్టుల సభలో మిడ్జ్లీ ఆ గ్యాస్‌ను గుండెల నిండా పీల్చి, వెలుగుతున్న కొవ్వొత్తి మీద ఊదాడు. మనిషికి ఏమీ కాలేదు, కొవ్వొత్తి ఆరిపోయింది. విషం కాదు, మండదు, రెండూ ఒక్క ఊపిరిలో చూపించాడు. పెట్రోల్‌లో సీసం కలపడం కనిపెట్టింది కూడా ఈయనే. ఒకే మనిషి చేతి నుంచి రెండు పెద్ద తలనొప్పులు.

కార్లలోకి ఏసీని మొదట తెచ్చింది ప్యాకార్డ్ కంపెనీ. 1939లో చూపించి 1940 మోడల్‌తో అమ్మారు. కూలింగ్ కాయిల్ వెనక డిక్కీలో, కంప్రెసర్ ముందు ఇంజన్ దగ్గర. కంప్రెసర్‌కు క్లచ్ లేదు. ఏసీ వద్దనుకుంటే బండి ఆపి, ఇంజన్ బంద్ చేసి, దిగి బెల్టు ఊడబీకాలి! 1941 తర్వాత ఆపేశారు. యుద్ధం అయినంకే కార్ల ఏసీ నిజంగా ఊపందుకుంది, ఆర్-12 లేకుంటే అది జరిగేది కాదు.

మన వృత్తిలోని పాత అలవాట్లన్నీ ఆ కాలంలో పుట్టినవే. పైపు కడగాలంటే ఆర్-12తోనే ఊదెయ్యడం. పని మొదలుపెట్టే ముందు వాల్వు నొక్కి ఉన్న గ్యాస్ అంతా గాలిలోకి వదిలెయ్యడం. లీకేజీ వెతకడానికి హాలైడ్ టార్చ్ అని ఒక మంట దీపం ఉండేది. దాని గొట్టం పైపు వెంబడి తిప్పితే, గ్యాస్ తగిలిన చోట మంట ఆకుపచ్చగా మారేది. చూడటానికి బాగుండేది. కానీ ఆర్-12 మంటలో పడితే ఆమ్లాల పొగ, కొంత ఫాస్జీన్ పుడతయి. ఫాస్జీన్ అంటే మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీద వదిలిన విష వాయువు. కొవ్వొత్తి ఊదిన సభలో అది ఎవరికీ కనిపించలేదు. రోజూ ఆ దీపం ముందు వంగి పీల్చింది మెకానిక్.

ఇప్పుడు సికింద్రాబాద్. మదురైలో పుట్టిన వీరభద్రన్ రామనాథన్ అనే కుర్రాడు 1960ల మధ్యలో ఇంజనీరింగ్ అయిపోయాక సికింద్రాబాద్‌లోని ఒక రిఫ్రిజిరేషన్ కంపెనీలో ఉద్యోగానికి చేరాడు. ఆయనకిచ్చిన పని ఏంటో తెలుసా? యూనిట్ల నుంచి గ్యాస్ ఎందుకు లీకవుతుందో చూడటం. అచ్చం మన పనే. తర్వాత అమెరికా పోయి వాతావరణ శాస్త్రవేత్త అయ్యాడు. 1975లో ఆయన రాసిన పరిశోధన వ్యాసం ఏం తేల్చిందంటే, ఈ సీఎఫ్‌సీ గ్యాసులు భూమి వేడిని పట్టి ఉంచుతాయి, ఒక్కో అణువు కార్బన్ డయాక్సైడ్ అణువు కన్నా సుమారు 10,000 రెట్లు బలంగా. లీకేజీ వెతికిన మనిషికే, లీకైన గ్యాస్ పైకి పోయి ఏం చేస్తుందో కనిపెట్టడం రాసిపెట్టి ఉంది.

దానికి ఏడాది ముందు, 1974లో, మోలినా, రోలాండ్ అనే ఇద్దరు ఇంకో మాట చెప్పారు. ఈ గ్యాస్ కింద ఎక్కడా విరగదు, పైపైకి పోయి అక్కడి సూర్యకిరణాల దెబ్బకు విడిపోయి, అందులోని క్లోరిన్ ఓజోన్ పొరను తింటుంది అని. గ్యాస్ కంపెనీలు గట్టిగా ఎదిరించాయి. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ బాగా పల్చబడిందని బ్రిటిష్ శాస్త్రవేత్తలు కొలిచి చూపించారు. 1987 సెప్టెంబర్ 16న మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. మోలినా, రోలాండ్‌లకు, వాళ్లతో పాటు క్రుట్జెన్‌కు 1995లో నోబెల్ వచ్చింది. అదే ఏడాది చివరితో అమెరికాలో ఆర్-12 కొత్తగా తయారు చేయడం బంద్.

ఇండియాకు, గల్ఫ్ దేశాలకు 2010 దాకా గడువు ఇచ్చారు. ఇండియా 2008 ఆగస్టు 1 నుంచే తయారీ ఆపింది, ఆస్తమా ఇన్హేలర్ల అవసరానికి తప్ప. ఆ నడుమ కాలమంతా ఒక దేశంలో బంద్ అయిన గ్యాస్ ఇంకో దేశంలో దొరికేది. దొంగ వ్యాపారానికి అంతకంటే ఏం కావాలి? అమెరికాలోకి దొంగతనంగా తెచ్చే సరుకుల్లో ఆర్-12 పెద్ద పేరు తెచ్చుకుంది.

కార్ల కంపెనీలు 1990ల మొదట్లో ఆర్-134ఏకు మారాయి. ఇందులో క్లోరిన్ లేదు, ఓజోన్‌కు హాని లేదు. భూమిని వేడి చేసే గుణం మాత్రం ఉంది, కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 1,400 రెట్లు. పాత ఆర్-12 అయితే 10,000 పైన. మన 911కు వచ్చిన చిక్కు ఏమంటే, ఆర్-134ఏ అణువు చిన్నది. ఆర్-12నే ఆపలేని రబ్బరు దీన్ని ఏం ఆపుతది? పైగా పాత మినరల్ ఆయిల్ ఈ గ్యాస్‌తో కలవదు, అక్కడక్కడా ఆగిపోయి కంప్రెసర్‌కు తిరిగి చేరదు, కంప్రెసర్ ఎండి పట్టేస్తది. పాత ఫిట్టింగు మీద అడాప్టర్ బిగించి, ఆర్-134ఏ కొట్టి "కన్వర్ట్ చేసినం" అని బిల్లు రాసే షాపులు ఉన్నాయి. అది కన్వర్షన్ కాదు, కంప్రెసర్‌కు పాడె కట్టడం.

సరిగ్గా చేయాలంటే పని పెద్దదే. ఉన్న గ్యాస్‌ను మిషన్‌తో సిలిండర్‌లోకి లాగాలి, గాలిలోకి వదలొద్దు. అన్ని పైపులూ తీసి, లోపల నైలాన్ పొర ఉన్న కొత్త పైపు కొలత ప్రకారం కోయించి, ఫిట్టింగులు ప్రెస్ చేయించాలి. పాత ఓ-రింగులన్నీ పారేసి, కొత్త గ్యాస్‌కు, కొత్త ఆయిల్‌కు తట్టుకునే ఆకుపచ్చ రకం వెయ్యాలి, ఆయిల్ రాసి మరీ. డ్రయర్ తప్పకుండా కొత్తది. కంప్రెసర్‌లో పాత ఆయిల్ ఒంపేసి ఎస్టర్ ఆయిల్ పొయ్యాలి. కంప్రెసర్ షాఫ్ట్ సీలు చూడాలి. ఈ బండ్ల ఓనర్లు ఎండాకాలం రాగానే యూరప్ పోతరు, బండి రెండు మూడు నెలలు కదలదు, ఆయిల్ తగలక సీలు ఎండి గ్యాస్ వదులుతది. వారానికి పది నిమిషాలు ఏసీ నడిపిస్తే చాలు, ఈ మాట డ్రైవర్ తమ్ముళ్లకు చెప్పండి.

బిగించినంక నైట్రోజన్‌తో ప్రెషర్ పెట్టి ప్రతి జాయింట్ దగ్గర నురగ చూడాలి. ఆక్సిజన్ సిలిండర్ మాత్రం చచ్చినా తగిలించొద్దు. ప్రెషర్ ఉన్న ఆక్సిజన్‌కు ఆయిల్ కలిస్తే పేలిపోతది. కంప్రెసర్ గాలి కూడా వద్దు. నైట్రోజన్ వదిలేసి గంట సేపు వాక్యూమ్ కొట్టి, బంద్ చేసి ముల్లు కదులుతుందా చూసుకోవాలి. అప్పుడు తూకం పెట్టి, ఆర్-12 లెక్కకు 80 నుంచి 90 శాతం మాత్రమే ఆర్-134ఏ పట్టించాలి. నిండా పట్టిస్తే ఆ రెండు కండెన్సర్లు మోయలేవు. ఇంత చేసినా కొత్త బండి లెక్క మంచు గాలి రాదు, ఓనర్‌కు ముందే చెప్పుకోవడం మంచిది.

ఇక మిథైల్ క్లోరైడ్. ఫ్రియాన్ వచ్చి వంటిళ్ల నుంచి తరిమేసిన ఆ గ్యాస్ ఎనభై ఏళ్ల తర్వాత ఆర్-134ఏ పేరు పెట్టుకుని తిరిగొచ్చింది. 2011లో వియత్నాంలో, బ్రెజిల్‌లో ఓడల మీద పోయే కూలింగ్ కంటైనర్ల యూనిట్లు పేలి ముగ్గురు పనివాళ్లు చనిపోయారు. విచారిస్తే ఆ యూనిట్లలో కొట్టింది నకిలీ గ్యాస్, అందులో మిథైల్ క్లోరైడ్ కలిపి ఉంది. అది అల్యూమినియంతో కలిసి, గాలి తగలగానే తనంతట తానే అంటుకునే పదార్థాన్ని పుట్టిస్తది. కార్ల ఏసీలో కంప్రెసర్ అల్యూమినియం, కండెన్సర్ అల్యూమినియం. వందల కంటైనర్లను పక్కన పెట్టాల్సి వచ్చింది.

గేజ్ పెట్టి చూస్తే తెలియదా అంటే, తెలియదు. నకిలీ చేసేవాళ్లు వేరే గ్యాసులు కలిపి ప్రెషర్ అసలు దానికి దగ్గరగా వచ్చేటట్టు చూస్తరు. సిలిండర్ రంగు, స్టిక్కర్ అయితే ఎవడైనా వేస్తడు. గ్యాస్ ఐడెంటిఫైయర్ మిషన్ ఒక్కటే దారి, కొన్ని మిషన్లు మిథైల్ క్లోరైడ్‌ను పట్టలేవు కాబట్టి దాన్ని కూడా చూపించే రకం అడగాలి. ఎన్ని చేతులు మారిందో తెలియని పాత బండి వచ్చినప్పుడు వాల్వు మీద పానా పెట్టే ముందే ఆ పరీక్ష చేయాలి. తేడా వస్తే విప్పొద్దు. పక్కన వెల్డింగ్ జరుగుతుంటే ఆపించండి. "టైం లేదు, తొందరగా తెరువు" అని అర్బాబు అరిచినా, తెరిచేటప్పుడు బండి మీదికి వంగి ఉండేది మన ముఖమే.

మీ షాపులో ఈ మిషన్ ఉందా, ఏ రకం, ఎవరు కొనిచ్చారు, కింద రాయండి. లేనివాళ్లు అర్బాబుకు చూపించుకోవడానికి పనికొస్తది.