ఆడవాళ్ళ ఊపిరి వేరా?

ఊపిరి తీయడంలో కూడా ఆడా మగా తేడా ఉందంటే నమ్ముతారా? పంతొమ్మిదో శతాబ్దంలో ఐరోపా, అమెరికా వైద్యులు చాలామంది నమ్మారు. మగవాడు పొట్టతోనూ, ఆడది రొమ్ముతోనూ ఊపిరి తీయడం ప్రకృతి ధర్మమనీ, గర్భం మోయాలి కనక ఆ ఏర్పాటనీ చెప్పేవారు.

మరి వాళ్ళు పరీక్షించిన స్త్రీలెవరు? గట్టి బద్దలు పెట్టి కుట్టి, తాళ్ళతో బిగించే కార్సెట్ తొడుక్కున్నవాళ్ళు! రొమ్ముకీ పొట్టకీ మధ్య తెరలా ఉదరవితానం అనే కండరం ఉంది కదా. గాలి పీల్చినప్పుడు అది కిందికి దిగాలి, పొట్ట ముందుకు రావాలి. నడుము నొక్కేస్తే దానికి చోటేదీ? 1887లో ఫిలడెల్ఫియాలో థామస్ మేస్ అనే వైద్యుడు అమెరికా ఆదివాసీ బాలికల్ని పరీక్షిస్తే, ఎక్కువమంది పొట్టతోనే ఊపిరి తీస్తున్నారు. అయినా పాత మాట పోలేదు.

1894లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో క్లీలియా మోషర్ అనే ఆవిడ ఎమ్.ఏ. పట్టానికి దీనిమీదే పరిశోధన చేసింది. స్త్రీ ఊపిరీ పొట్టనించేననీ, తేడా అంతా బట్టలవల్లా, వ్యాయామం లేకపోవడంవల్లా వచ్చిందేననీ తేల్చింది. తరవాత డాక్టరై, నెలసరి నొప్పికి ఒక అభ్యాసం చెప్పింది. బట్టలు వదులు చేసుకుని, వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, పొట్టమీద చెయ్యి ఆనించాలి. ఆ చెయ్యి బాగా పైకి లేచి, మళ్ళీ దిగేలా పదిసార్లు చెయ్యాలి. పొద్దునా, రాత్రీ. కానీ ఖర్చు లేదు! ఇప్పుడు ఆయాసం ఉన్నవాళ్ళకి ఫిజియోథెరపీలో నేర్పేదీ ఇంచుమించు ఇలాంటిదే.

మనకి కార్సెట్ లేదులెండి. కానీ లంగా బొందు నడుముమీద చార పడేట్టు బిగిస్తాం చూడండీ, ఈ పూట ఆ ముడి కాస్త వదులు చేసి, పొట్టమీద చెయ్యి పెట్టి చూసుకోండి.